వానొస్తే బాత్రూంలోకి మురుగు పొంగుతోందా? తవ్వకముందు చాంబర్ మూతలు తీయండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో 18 ఏళ్ల కిందట కట్టిన ఇల్లు, కింద మీరు, పై వాటాలో అద్దెవాళ్లు. గట్టి వాన పడిన ప్రతిసారీ కింది బాత్రూం జాలీలోంచి మురుగు పైకి వస్తోంది. ఒక ప్లంబర్ వచ్చినప్పుడల్లా యాసిడ్ పోసి వెళ్తున్నాడు. ఇంకొకాయన లైనంతా తవ్వి కొత్త పైపు వేయాల్సిందే అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి, ఇకమీదట ఇలాంటివి ముందే ఎలా పసిగట్టాలి అని.

సూటిగా చెప్తాను. యాసిడ్ ఆపేయండి, తవ్వకం వాయిదా వేయండి. చాంబర్ మూతలు తీసి నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. వాన పడినప్పుడే, అదీ కింది అంతస్తులోనే పొంగుతోందంటే రెండు అనుమానాలు ముందు రావాలి. ఒకటి, వీధి లైను నిండిపోయి మీ ఇంట్లోకి వెనక్కి తంతోంది. రెండు, మీ డాబా మీది వాననీళ్లను ఎవరో ఈ డ్రైనేజీ లైనులోకే దించారు. ఈ రెండిట్లో ఏదైనా సరే, బంగారు పైపు వేసినా వచ్చే వానకు అదే కథ. లోపల పైపు పూడుకుపోయి ఉంటే వానతో పని లేకుండా మామూలు రోజుల్లో కూడా ఏదో ఒక గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తులేమిటో కింద రాస్తున్నాను.

చాంబర్లు ఏం చెప్తాయి

ఇంటి పక్క సందులో వరసగా చాంబర్లు ఉండాలి. బాత్రూం పైపు దిగేచోట ఒకటి, వంటింటి వెనక ఒకటి, లైను మలుపు తిరిగేచోట ఒకటి, గేటు దగ్గర ఆఖరుది. అక్కణ్నుంచి వీధి మ్యాన్‌హోల్‌కి వెళ్తుంది. సందులో టైల్స్ వేయించినప్పుడు మూతలు కప్పేశారంటే, ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే మొదటి ఖర్చు వాటిని బయటికి తీయించడమే. టైలు మీద కర్రతో తట్టుకుంటూ పోతే గుల్లగా మోగేచోట చాంబర్ దొరుకుతుంది.

మూత తీయగానే ముఖం వంచి చూడకండి. పావుగంట అలా వదిలేయండి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయనివ్వకండి, పిల్లల్ని రానివ్వకండి. ఇక చూడాల్సింది ఒక్కటే: ఏ చాంబర్ నిండి ఉంది, ఏది ఖాళీగా ఉంది. అడ్డు ఎప్పుడూ నిండిన చాంబర్‌కీ, దాని తర్వాత వచ్చే ఖాళీ చాంబర్‌కీ మధ్యన ఉంటుంది. వంటింటి వెనక చాంబర్ నిండి, గేటు దగ్గరిది ఖాళీగా ఉందనుకోండి. పట్టాల్సింది ఆ రెండిటి మధ్య ముక్కనే. లైనంతా తవ్వాల్సిన పని లేదు. అన్నీ ఖాళీగా ఉండి బాత్రూంలో మాత్రం నీళ్లు నిలుస్తున్నాయంటే తప్పు నహానీ ట్రాప్‌లోనో (బాత్రూం జాలీ కింద నీళ్లు నిలిచి వాసనను ఆపే వంపు), ట్రాప్ నుంచి మొదటి చాంబర్ దాకా ఉన్న చిన్న పైపులోనో ఉంది. గేటు చాంబర్‌తో సహా అన్నీ నిండి, వీధి మ్యాన్‌హోల్ కూడా నిండి కనిపిస్తే అది మీ లైను సమస్య కాదు. ఆ మ్యాన్‌హోల్ మూత మీరు ముట్టుకోవద్దు. దాని చుట్టూ నీళ్లు ఊరుతున్నాయేమో, పక్కింటివాళ్ల ఆఖరి చాంబర్ కూడా నిండిందేమో చూస్తే చాలు. జలమండలి 155313 నంబరుకు ఫిర్యాదు చేయండి. "మా ఇంట్లో బ్లాక్ అయింది" అనకుండా "వీధి మ్యాన్‌హోల్ నిండింది, మా ఆఖరి చాంబర్‌లోకి వెనక్కి వస్తోంది" అని చెప్పి ఫొటో కూడా ఉంచుకోండి. మొదటి మాట చెప్తే అది మీ ఇంటి లోపలి పని అని వదిలేస్తారు.

మీరు చూసే వేళకు నీళ్లు దిగిపోయి ఉండొచ్చు. అప్పుడు చాంబర్ లోపలి గోడలు చూడండి. నీళ్లు ఎంత ఎత్తుదాకా వచ్చి దిగాయో అక్కడ జిడ్డు గీత, ఎండిన కాగితపు పీలికలు అంటుకుని ఉంటాయి. గోడ సగం ఎత్తులో గీత ఉందంటే ఆ చాంబర్ రాత్రిళ్లో, వానలోనో నిండి మళ్లీ దిగుతోందన్నమాట. బాత్రూంలోకి ఇంకా పొంగకపోయినా అదే మొదటి హెచ్చరిక. ఆ గీతను సుద్దతో గుర్తుపెట్టి, నెల తర్వాత పైకి జరిగిందో లేదో చూడండి.

చాంబర్ అడుగున పైపు నుంచి పైపుకు నున్నటి అర గొట్టం ఆకారంలో కాలువ ఉండాలి, దానికి రెండువైపులా సిమెంటుతో కాలువలోకి వాలు ఉండాలి. మేస్త్రీలు దీన్ని బెంచింగ్ అంటారు. చాలా ఇళ్లల్లో అడుగు చదునుగా వదిలేస్తారు, ఇంకా ఘోరం, పైపు కంటే అర అడుగు లోతుగా తొట్టిలా కట్టేస్తారు. ఆ తొట్టిలో మలం ఆగి, గట్టిపడి, ఒకరోజు గడ్డలా కదిలి ముందు పైపుకు అడ్డుపడుతుంది. "ఆర్నెల్లకోసారి బ్లాక్ అవుతోంది" అనే ఇళ్లల్లో చాలాసార్లు కారణం పైపు కాదు, ఈ తొట్టే. ఒక మేస్త్రీ ఒక పూటలో సరిచేసే పని.

రెండు బకెట్ల పరీక్ష

వాన లేని రోజున చేయండి. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, మొదటి చాంబర్‌లో రెండు బకెట్ల నీళ్లు, సుమారు 30–40 లీటర్లు, ఒక్కసారిగా పోయండి. నీళ్లలో కాస్త బట్టల నీలిమందు కలిపితే కనిపెట్టడం తేలిక. గేటు దగ్గర ఇంకొకరు ఫోన్‌లో టైం చూస్తూ నిలబడాలి. 4 అంగుళాల పైపు, సరైన వాటం (పైపు వాలు), 40 అడుగుల దూరం అయితే 15–20 సెకన్లలో నీలం నీళ్లు జోరుగా వచ్చి, వచ్చినంత త్వరగానూ తగ్గిపోవాలి. నిమిషం దాటి వచ్చినా, సన్నటి ధారగా చాలాసేపు కారినా లోపల సగం మూసుకుపోయిందని లెక్క. వచ్చిన నీళ్లు పోసినవాటికన్నా బాగా తక్కువ అనిపిస్తే పైపు ఎక్కడో పగిలి భూమిలోకి పోతున్నాయి. ఇది పూడిక కన్నా తీవ్రమైనది. అదే పగులులోంచి వానాకాలంలో భూమిలోని నీళ్లు, మట్టి లోపలికి వస్తాయి. మురుగు బయటికి పోతుంది. సంపు దగ్గర్లో ఉంటే ఎలాగుంటుందో చెప్పక్కర్లేదు.

ఇంట్లో కూర్చునే పట్టే గుర్తులు

కమోడ్ ఫ్లష్ చేస్తే పక్కనున్న నహానీలో గుడగుడ శబ్దం. ఇది చాలామంది పట్టించుకోని గుర్తు, అన్నిటికన్నా ముందొచ్చేదీ ఇదే. నీళ్లు పోవడానికి వెనక గాలి రావాలి. పైపు సగం మూసుకున్నా, డాబా మీద గాలి గొట్టం మూతి మూసుకున్నా ఆ గాలి నహానీ ట్రాప్‌లోని నీళ్లను చీల్చుకుని వస్తుంది. డాబా ఎక్కి గాలి గొట్టం ముందు చూడండి; పిచ్చుక గూడో, వాటర్‌ప్రూఫింగ్ చేసినవాళ్లు పెట్టి మరిచిన సిమెంటు సంచో దొరకొచ్చు.

కమోడ్‌లో నీళ్లు ఫ్లష్ చేయగానే పైకి లేచి మెల్లగా దిగడం, మామూలుగా ఉండే మట్టం కన్నా కిందికి పోవడం ఇంకో గుర్తు. వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడే బాత్రూం జాలీ నిండుతుంటే ఉమ్మడి పైపు ఇరుకైంది. ఒక్క సింకు మాత్రమే నెమ్మదిస్తే అది ఆ సింకు గొడవే, రెండు మూడు చోట్ల ఒకేసారి నెమ్మదిస్తే పెద్ద లైను.

బయట అయితే: సందులో టైలు ఒకటి రెండు కుంగడం, గోడ అడుగున ఎండాకాలంలోనూ ఆరని చెమ్మ, ఎలుక బొరియ, ఒక్కచోట మాత్రమే ఏపుగా పెరిగిన గడ్డి. ఎలుక చాంబర్ పక్కన మట్టి తోడి పోసిందంటే అక్కడ జాయింటు విడిందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. బొద్దింకలు ఒక్కసారిగా ఎక్కువవడం కూడా ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయిన గుర్తే.

వాసన గురించి ఒక మాట. వాసన వచ్చిన ప్రతిచోటా పైపు పగలలేదు. వాడని బాత్రూంలో నహానీ ట్రాప్ నీళ్లు ఎండాకాలంలో కొన్ని వారాల్లోనే ఆవిరైపోతాయి. ట్రాప్‌లో 50 మిల్లీమీటర్ల నీటి అడ్డు ఉంటేనే వాసన ఆగుతుంది. ఒక చెంబు నీళ్లు పోసి, పైన ఒక చెంచా వంటనూనె వేస్తే ఆవిరి కావడం నెమ్మదిస్తుంది. ఊరెళ్లేటప్పుడు ఇది చేసి వెళ్లండి. నీళ్లు పోసి ఒక పూట ఆగినా వాసన పోకపోతే అప్పుడు మిగతావి వెతకాలి.

యాసిడ్ ఎందుకు వద్దంటున్నాను

పైపులో అడ్డుపడేవి జిడ్డు, వెంట్రుకలు, గుడ్డపీలికలు, శానిటరీ ప్యాడ్లు, సిమెంటు మడ్డి. బాత్రూం యాసిడ్ వీటిలో మొదటి నాలుగింటిని ఏమీ చేయలేదు. అది కరిగించేది సిమెంటునీ, సున్నపు పొరనీ. పీవీసీ పైపును కూడా అది తినదు, నిజమే. కానీ 18 ఏళ్ల ఇల్లు కాబట్టి సందులో ఉన్నది స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) గొట్టాలు అయ్యుండే అవకాశం ఎక్కువ. వాటి జాయింట్లు సిమెంటు మాలే. పోసిన ప్రతి సీసా ఆ జాయింట్లనూ, చాంబర్ అడుగునూ కొంచెం కొంచెం తినేస్తుంది. పోసిన వెంటనే కాస్త కదిలినట్టుంటుంది, ఎందుకంటే దాంతోపాటు నాలుగు బకెట్ల నీళ్లు కూడా కొడతారు. పనిచేసింది ఆ నీళ్లు.

కాస్టిక్ సోడా పలుకుల పొడి అయితే జిడ్డు మీద పనిచేస్తుంది, కాకపోతే నీళ్లు తగలగానే విపరీతంగా వేడెక్కుతుంది. పూర్తిగా మూసుకున్న పైపులో పోస్తే ఆ వేడి ఒక్కచోటే నిలిచి పీవీసీ మెత్తబడి వంగుతుంది; ఒక్కోసారి అదే గడ్డకట్టి రాయవుతుంది. ఆ తర్వాత అడ్డు తీయడానికి పైపులోకి స్ప్రింగ్ దించే మనిషి ముఖం మీద చిమ్ముతుంది కూడా. ఏం పోశారో అతనికి ముందే చెప్పడం మీ బాధ్యత. యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ ఒకదాని వెంట ఒకటి పోయకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది; తలుపు మూసిన బాత్రూంలో ప్రాణం మీదికి వస్తుంది.

సరిగ్గా శుభ్రం చేయించడం

వెదురు బద్దలు పాతకాలపు పద్ధతే అయినా రెండు చాంబర్ల మధ్య తిన్నని లైనుకు ఇప్పటికీ పనికొస్తాయి. మలుపులున్నచోట బద్ద విరిగి లోపలే ఉండిపోతే మాత్రం తవ్వక తప్పదు. స్ప్రింగ్ మెషీన్ 3, 4 అంగుళాల పైపులకు మేలు. ముక్కలు జోడించే రకం స్ప్రింగ్‌ను ఒకే దిక్కుకు, గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. వెనక్కి లాగేటప్పుడు కూడా అంతే. ఎదురు తిప్పితే ముక్కలు విడిపోయి లోపల ఉండిపోతాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్లు తరచుగా చేసే పొరపాటు ఇది, పక్కనే నిలబడి గమనించండి.

జిడ్డు, మట్టి పేరుకున్న లైనుకు జెట్టింగ్, అంటే గొట్టంతో గట్టి ఒత్తిడి మీద నీళ్లు చిమ్మి కడగడం, మంచిది. కింది చాంబర్ నుంచి పైకి గొట్టం పంపాలి. నాజిల్ వెనక్కి చిమ్మే నీళ్లే దాన్ని ముందుకు నెట్టుకుపోతాయి, తిరిగి లాగేటప్పుడు పూడికను కింది చాంబర్‌లోకి తెస్తాయి. ఆ చాంబర్‌లో బయటికి పోయే పైపు మూతికి ఇనుప జాలీ అడ్డు పెట్టించి, వచ్చినదంతా ఎత్తించండి. అలా చేయకపోతే మీ ఇంటి అడ్డు పదడుగులు ముందుకు జరిగి వీధి కనెక్షన్‌లో కూర్చుంటుంది. పాత స్టోన్‌వేర్ లైను అని ముందే చెప్పండి, ఒత్తిడి తగ్గించి మొదలుపెడతారు.

జాలీలో ఏం వచ్చిందో చూడటం వైద్యుడు నాడి చూడటం లాంటిది. తెల్లటి సబ్బులాంటి గడ్డలైతే వంటింటి జిడ్డు, బోరు నీళ్ల కాఠిన్యం కలిసినవి. మన దగ్గర బోరు నీళ్లు గట్టివి కాబట్టి సబ్బు వాటితో కలిసి జిగట తెట్టులా పైపు గోడకు పట్టేస్తుంది. బూడిదరంగు గట్టి పెచ్చులైతే టైల్స్ కోసినప్పటి మడ్డి. రీమోడలింగ్ చేయించినవాళ్లు మొత్తం సిమెంటు నీళ్లు నహానీలోకి కడిగేస్తారు. ఆర్నెల్ల తర్వాత అడ్డం పడుతుంది, నింద డ్రైనేజీ మీద పడుతుంది. పని జరుగుతున్నన్నాళ్లూ నహానీలకు గోనెగుడ్డ కుక్కించి, మడ్డి నీళ్లు బకెట్లో తేరనిచ్చి పైతేట మాత్రం పారబోయించండి. పీచులాంటి సన్నటి వేళ్లు వచ్చాయంటే చెట్టు వేళ్లు. ఎర్రమట్టి, ఇసుక, చిన్న బెడ్డలు వస్తే పైపు పగిలింది, లేదా చాంబర్ గోడ కూలుతోంది.

కెమెరా దింపించడం వీటన్నిటి తర్వాత. ముందే దింపితే మురుగు నీళ్లు తప్ప ఏమీ కనబడదు. వీడియోలో తెర మీద దూరం కూడా పడాలి, అప్పుడే "గేటు చాంబర్ నుంచి 22 అడుగుల దగ్గర జాయింటు విడింది" అని తెలిసి, అక్కడ మాత్రమే మూడడుగులు తవ్వొచ్చు. దూరం పడని వీడియోకి డబ్బులు ఇవ్వకండి.

ఎవరినీ మ్యాన్‌హోల్‌లోకో సెప్టిక్ ట్యాంకులోకో దించకండి. కుళ్లిన గుడ్డు వాసన వచ్చే ఆ వాయువు గాఢత పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మనిషి కుప్పకూలుతాడు, కాపాడబోయినవాడూ పోతాడు. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించి శుభ్రం చేయించడం నేరం. మొదటిసారే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా. పని ఇచ్చిన ఇంటి యజమానికి కూడా వర్తిస్తుంది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023లో 30 లక్షలకు పెంచింది. రెండడుగుల చాంబర్‌ను పైన నిలబడి పారతో, గరిటెతో తీయొచ్చు. అంతకంటే లోతైతే యంత్రంతోనే.

ఇక మీ అసలు సమస్య: వాన

డాబా నీళ్లు ఎక్కడికి పోతున్నాయో మొదట తేల్చండి. డాబా మీద వాననీళ్ల పైపు దగ్గర రెండు బకెట్లు పోసి, కింద చాంబర్లో వస్తున్నాయేమో చూడండి. వస్తే కనెక్షన్ తీయించి ఇంకుడు గుంతకో, వాననీటి కాలువకో మళ్లించండి. లెక్క చూడండి: 1,000 చదరపు అడుగుల డాబా మీద గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 4,600 లీటర్లు. రెండు వాటాల్లో ఎనిమిది మంది ఉంటే మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన వాడిన నీళ్లలో మురుగుగా వచ్చేది 900 లీటర్ల లోపే. అంటే ఐదు రోజుల మురుగు గంటలో పోసినట్టు. వీధిలో ముప్పై ఇళ్లు ఇదే పని చేస్తే వీధి లైను పొంగక ఏంచేస్తుంది? మీరు ఒక్కరు తీసినంత మాత్రాన వీధి బాగుపడదు, ఒప్పుకుంటాను. కానీ మీ చాంబర్లలో సొంత నీళ్లైనా తగ్గుతాయి, సందు నీళ్లు చాంబర్ మూత పగుళ్లలోంచి దిగడం ఆపినా అంతే.

డాబా నీళ్లు వేరుగానే పోతున్నాయి, అయినా పొంగుతోంది అంటే వీధి లైను వెనక్కి తంతోంది. దీనికి నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను బయటికే పోనిచ్చి, వెనక్కి రానివ్వని రేకు తలుపు) పెట్టించమంటారు. మంచిదే, కాకపోతే చాలామంది ఇక్కడ బోల్తాపడే విషయం ఒకటుంది. వాల్వ్ ఆఖరి చాంబర్‌లో పెడితే, వీధి నీళ్లు వచ్చి అది మూసుకున్నప్పుడు మీ పై వాటావాళ్లు వాడిన నీళ్లు కూడా బయటికి పోలేవు. అవి ఎక్కడికి వస్తాయి? మీ కింది బాత్రూంలోకే. వాల్వ్ పెట్టాక కూడా పొంగిందని తిట్టుకునే ఇళ్లల్లో జరిగేది ఇదే. సరైన పద్ధతి: పై వాటా పైపును వేరుగా తెచ్చి వాల్వ్ దాటాక కలపాలి, కింది వాటా లైను మీదే వాల్వ్ ఉండాలి. పై అంతస్తు ఎత్తులో ఉంది కాబట్టి వీధి లైను నిండినా దానికి ఇబ్బంది ఉండదు, దాని నీళ్లు నెట్టుకుని పోతాయి. స్థలం లేక వేరు చేయలేకపోతే, గట్టి వాన పడుతున్న గంటా రెండు గంటలూ పై వాటావాళ్లు వాషింగ్ మెషీన్ వేయకుండా మాట్లాడుకోవాలి.

వాల్వ్ లోపలి రేకు కింద ఒక గుడ్డపీలిక ఇరుక్కున్నా అది మూసుకోదు. కాబట్టి మూత తీసి చేత్తో కదిపేలా చాంబర్‌లోనే ఉండాలి, నేలలో పాతేయకూడదు. మూడు నెలలకోసారి, వానాకాలంలో నెలకోసారి కడగాలి. ఎండాకాలంలో రేకు ఎండి అతుక్కుపోతుంది, మే నెలాఖర్లో ఒకసారి తప్పకుండా కదపండి. మీ బాత్రూం నేల రోడ్డు కన్నా కిందికి ఉందా కూడా చూసుకోండి. రోడ్డు మీద మళ్లీ మళ్లీ తారు వేసి ఎత్తు పెంచుకుంటూ పోయిన వీధుల్లో పాత ఇళ్లన్నిటిదీ ఈ దురవస్థే. అలాంటప్పుడు వాల్వ్ తప్పనిసరి.

నిజంగానే తవ్వాల్సొస్తే

కెమెరాలో పైపు కుంగిందనో విరిగిందనో తేలితే ఆ ముక్క మార్చండి. నల్లరేగడి నేల అయితే వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుని జాయింట్లను విడదీస్తుంది, అక్కడ సిమెంటు జాయింట్ల స్టోన్‌వేర్ మళ్లీ వేయకండి. రబ్బరు రింగు జాయింటు ఉన్న పైపు కాస్త కదలికను ఓర్చుకుంటుంది. నేలలో పాతడానికి ఐ.ఎస్. 15328 ముద్ర ఉన్న ఇటుకరంగు పైపు తీసుకోండి. గోడ వెంట దిగేదానికి ఐ.ఎస్. 13592 ముద్ర ఉన్న బూడిదరంగు పైపు, అందులో బి రకం. ఏ రకం పలచన, అది గాలి గొట్టానికీ వాననీళ్లకూ మాత్రమే. బిల్లులో తక్కువ చూపించడానికి ఏ రకం వేసేస్తుంటారు, పైపు మీద రాసి ఉంటుంది, చదవండి.

వాటం: 4 అంగుళాల పైపుకు 40కి 1, అంటే ప్రతి 10 అడుగులకూ 3 అంగుళాలు. 6 అంగుళాలకు 60కి 1, పదడుగులకు 2 అంగుళాలు. "పెద్ద పైపు వేస్తే అడ్డుపడదు" అనే మాట పూర్తిగా నిజం కాదు. రెండు వాటాల ఇంటి నీళ్లు 6 అంగుళాల పైపులో చదునైన వాటంతో పోతే అడుగున పల్చగా పాకుతాయి, గట్టి పదార్థం ఆగిపోతుంది. సందంతా కలిపి వచ్చే ఆఖరి ముక్కకు 6, మిగతాదానికి 4 సరిపోతుంది. వాటం కంటితో చూసి వేయనివ్వకండి, నీళ్ల లెవల్ గొట్టంతో ప్రతి జాయింటు దగ్గరా కొలిపించండి. పైపు కింద నాలుగంగుళాల ఇసుక పరుపు, చుట్టూ ఇసుక, బెడ్డలు తగలకూడదు. 90 డిగ్రీల మలుపు బదులు రెండు 45లు.

పీవీసీ పైపును ఇటుక చాంబర్‌లోకి దించేచోట సిమెంటు దానికి అతుక్కోదు, చుట్టూ సన్నటి సందు మిగిలి అక్కణ్నుంచే కారుతుంది, అక్కడే ఎలుక మొదలెడుతుంది. గోడలో కూర్చునే భాగానికి పైన పీవీసీ అతికించే సొల్యూషన్ పూసి, తడి ఆరకముందే ఇసుక చల్లి గరుకు చేయించండి. అయిదు నిమిషాల పని, పదేళ్ల బాధ తప్పుతుంది. మట్టి కప్పేముందు కింది మూతికి బిరడా బిగించి లైను నింపి, అరగంట నీటి మట్టం చూడండి. దిగితే ఏదో జాయింటు కారుతోంది.

సంపు గురించి పైన సగం చెప్పి వదిలేశాను. సంపుకూ చాంబర్‌కూ మధ్య ఒక గోడే అడ్డుగా ఉన్న ఇళ్లు హైదరాబాద్‌లో లెక్కలేనన్ని. తవ్వినప్పుడు ఆ ముక్కలో జాయింటు లేకుండా ఒకే పైపు వచ్చేలా చూడండి. నల్లా నీళ్లు సంపులోకి వచ్చిన వెంటనే క్లోరిన్ పరీక్ష చుక్కలతో చూడండి, మర్నాడు మళ్లీ చూడండి. ఎప్పుడూ కాస్త మిగిలే క్లోరిన్ హఠాత్తుగా ఒక్కరోజులోనే పూర్తిగా మాయమవుతుంటే, సంపు అడుగున జిగట కనిపిస్తే, లోపలికి ఏదో దిగుతోందని అనుమానించి ఆ నీళ్లు తాగడం ఆపండి.

రోజువారీ జాగ్రత్త

వంటింటి సింకులో తీసి కడగగలిగే జాలీ, నూనె మూకుడు ముందు కాగితంతో తుడిచి తర్వాత తోమడం, దోసెపిండి గిన్నె మొదటి కడుగు నీళ్లు మొక్కలకు పోయడం, టీపొడి చెత్తబుట్టలోకి. ప్యాడ్లు, డైపర్లు, తడి టిష్యూలు కమోడ్‌లోకి వద్దు, ప్యాకెట్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉన్నా సరే. నెలకోసారి చాంబర్ మూతలు, మే నెలలో రెండు బకెట్ల పరీక్ష. ప్రహరీ పక్కన రావి మొలక కనిపిస్తే వేలెడంత ఉన్నప్పుడే పీకేయండి; ఆ జాతి చెట్ల వేళ్లు తడి ఉన్న జాయింటును వెతుక్కుంటూ వస్తాయి.

మీరు మళ్లీ రాసేటప్పుడు ఇవి చెప్పండి: మొత్తం ఎన్ని చాంబర్లు, ఒక్కొక్కటి ఎంత లోతు, గేటు చాంబర్‌లో జిడ్డు గీత అడుగు నుంచి ఎన్ని అంగుళాల్లో ఉంది, డాబా నీళ్లు చాంబర్లో కనిపించాయా, బాత్రూం నేల రోడ్డు కన్నా ఎంత ఎత్తు లేక పల్లం. వాల్వ్ ఎక్కడ పెట్టాలో, పై వాటా పైపు ఎటు తిప్పాలో వాటిని బట్టి చెప్తాను.